వేలి బలమా, తూటా బలమా? రివాల్వర్‌కూ పిస్టల్‌కూ అసలు తేడా

అప్పుడప్పుడూ పత్రికల్లో ఇలాంటి వార్త కనిపిస్తుంది. గార్డు గదిలో పిస్టల్ శుభ్రం చేస్తుండగా పేలింది, ఒకరికి గాయమైంది. మేగజైన్ తీసేశాకే తుడవడం మొదలుపెట్టానని ఆ కానిస్టేబుల్ అంటాడు. చదివినవారికి నమ్మబుద్ధి కాదు. తూటాలుండే పెట్టెనే ఊడదీశాక, పేలిన తూటా ఎక్కడి నుంచి వచ్చినట్టు?

చాలాసార్లు అతను చెప్పేది నిజమే అయి ఉంటుంది. మేగజైన్ తీసేశాడు. కాకపోతే అంతకుముందే ఒక తూటా మేగజైన్‌ను వదిలి, గొట్టం మొదట్లో ఉండే ఛాంబర్‌లోకి చేరి కూర్చుంది. బయటి నుంచి చూస్తే తుపాకీ ఖాళీగానే కనిపిస్తుంది. రివాల్వర్‌తో ఈ పొరపాటు జరగడం కష్టం. సిలిండర్ తెరిస్తే ఆరు గదులూ ఒక్కసారే కళ్లబడతాయి.

రివాల్వర్ మంచిదా, పిస్టల్ మంచిదా అన్న వాదన ఎక్కడ మొదలైనా ఎన్ని తూటాలు పడతాయి, ఎంత వేగంగా కాల్చొచ్చు అన్న లెక్కల చుట్టూనే తిరుగుతుంది. అసలు తేడా ఇంకోచోట ఉంది. ఒక తూటా పేలాక రెండోదాన్ని సిద్ధం చేసే పని ఎవరిది? రివాల్వర్‌లో అది కాల్చేవారి వేలి పని. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో అది అంతకుముందు పేలిన తూటా పని. నమ్మకం, ప్రమాదం, శిక్షణ, చివరికి నేరస్థలంలో పోలీసులకు దొరికే ఆధారం కూడా ఈ ఒక్క తేడా వల్లే మారిపోతాయి.

వేలు ఒకటి, పనులు మూడు

అమెరికాలో శామ్యూల్ కోల్ట్ తన రివాల్వర్‌కు 1836లో పేటెంట్ పొందాడు. అందులో ప్రతిసారీ వెనకనుండే సుత్తి లాంటి హ్యామర్‌ను బొటనవేలితో వెనక్కి లాగాల్సిందే. ఆ తర్వాత వచ్చిన డబుల్ యాక్షన్ రివాల్వర్లలో ఆ బాధ తప్పింది. ఇప్పుడు వాడుకలో ఉన్నవాటిలో చాలావరకు ఈ రకమే.

ట్రిగ్గర్ నొక్కడం మొదలుకాగానే లోపల ఒక చిన్న ఉక్కు మీట పైకి లేచి సిలిండర్ వెనకనున్న పళ్లను నెడుతుంది. సిలిండర్ ఆరో వంతు తిరుగుతుంది. తూటా ఉన్న గది గొట్టానికి సూటిగా రాగానే కింద నుంచి ఇంకో మీట సిలిండర్ మీది గాడిలో పడి దాన్ని కదలకుండా పట్టేస్తుంది. ఈలోగా హ్యామర్ బలమైన స్ప్రింగును కుదిస్తూ వెనక్కి వెళ్లి, కొసకు వచ్చాక జారి ముందుకొచ్చి తూటా అడుగునుండే ప్రైమర్‌ను కొడుతుంది. తిప్పడం, బిగించడం, కొట్టడం, మూడింటికీ శక్తి ఇచ్చేది చూపుడువేలు ఒక్కటే.

అందుకే రివాల్వర్ ట్రిగ్గర్ బరువు. మామూలుగా నాలుగున్నర నుంచి ఐదున్నర కిలోల బలం కావాలి. చిన్న రివాల్వర్ తూగేదే అరకిలో. అరకిలో వస్తువును చేత్తో గాలిలో నిలబెట్టి, దాని మీద ఐదు కిలోల బలం పెట్టాలి, అయినా అది వెంట్రుకవాసి కదలకూడదు. గొట్టం ఒక్క డిగ్రీ పక్కకు జరిగితే పది మీటర్ల దూరంలో గుండు దాదాపు 17 సెంటీమీటర్లు తప్పుతుంది. కొత్తవాళ్లు రివాల్వర్‌తో కాల్చినప్పుడు గుండ్లు తడవకో దిక్కు పోవడానికి చూపు లోపం కన్నా ఈ బరువే పెద్ద కారణం.

ఈ బరువుకు ప్రతిఫలమూ ఉంది. తూటా పాడై పేలకపోయినా రివాల్వర్‌కు పట్టదు. మళ్లీ నొక్కితే సిలిండర్ తిరిగి కొత్త తూటా ముందుకొస్తుంది. ముందుది పేలిందా లేదా అన్నదానితో దానికి పనే లేదు. ఆత్మరక్షణకు రివాల్వరే మేలనేవారి వాదనలో బలమంతా ఇక్కడే ఉంది. అయితే అది ప్రాణం మీదికి వచ్చిన క్షణానికి పనికొచ్చే మాట. షూటింగ్ రేంజ్‌లో తూటా పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి. మందు ఆలస్యంగా అంటుకుంటే, పక్కకు తిరిగిపోయిన గదిలో తూటా పేలే ప్రమాదం ఉంది.

సిలిండర్ తిరగాలంటే దానికీ గొట్టానికీ మధ్య కాస్త సందు ఉండాలి. ఉండేది మిల్లీమీటరులో పదో వంతు నుంచి పావు వంతు దాకా. పేలిన ప్రతిసారీ వేడి వాయువు ఆ సందులోంచి పక్కలకు చిమ్ముతుంది. మేగ్నమ్ అనే శక్తిమంతమైన తూటాలు వాడే పెద్ద రకాల్లో అక్కడ వేలు పెట్టినవారికి తీవ్ర గాయాలయ్యాయి. సినిమాల్లో విలన్ రివాల్వర్‌కు సైలెన్సర్ బిగించి చప్పుడు లేకుండా కాల్చే సీన్లకు నవ్వొచ్చేది కూడా ఈ సందు వల్లే. ముందు దారి మూసినా చప్పుడు పక్కదారిన బయటపడుతుంది. దీనికి మినహాయింపుగా చెప్పుకునేది 1895 నాటి నాగాంట్ రివాల్వర్. రష్యన్ సైన్యం వాడిన ఆ తుపాకీలో హ్యామర్ లేచేటప్పుడు సిలిండర్ ముందుకు జరిగి గొట్టాన్ని ఆనుకుంటుంది, సందు మూసుకుపోతుంది. ఆ అదనపు పని కూడా వేలి మీదే పడింది కనుక దాని ట్రిగ్గర్ మరీ బండగా ఉంటుంది.

బాక్స్: తూటాలో ఏముంటుంది?

తూటా అంటే నాలుగు భాగాల కూర్పు. ముందు కొసన సీసంతోనో, రాగి పూతతోనో చేసిన గుండు. దాన్ని పట్టుకుని ఉండే ఇత్తడి తొడుగు. తొడుగు లోపల పొగరాని మందు. అడుగున చిన్న బిళ్లలా ప్రైమర్. దెబ్బ తగలగానే ప్రైమర్ నిప్పు పుట్టిస్తుంది, మందు కాలి వాయువవుతుంది, ఆ ఒత్తిడికి గుండు ముందుకు దూసుకుపోతుంది, ఖాళీ తొడుగు వెనక మిగులుతుంది. రివాల్వర్ తూటా తొడుగుకు అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. తూటా గదిలో లోపలికి జారిపోకుండా ఆపేది అదే. పిస్టల్ తూటాలకు చాలావరకు అలా పొడుచుకొచ్చే అంచు ఉండదు, బదులుగా చుట్టూ చిన్న గాడి ఉంటుంది. ఖాళీ తొడుగును లాగే కొక్కెం ఆ గాడిలో పడుతుంది.

పేలుడే ఇంజిన్

పిస్టల్‌లో కాల్చేవారు చేసేది మొదటి పని మాత్రమే. పైనున్న స్లైడ్‌ను వెనక్కి లాగి వదిలితే అది ముందుకొస్తూ మేగజైన్‌లోని పై తూటాను ఛాంబర్‌లోకి తోస్తుంది. ఆ తర్వాత నడిపేది భౌతికశాస్త్రం.

9 ఎం.ఎం. తూటాలో గుండు బరువు దాదాపు 8 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. గుండు ముందుకు ఎంత ఊపుతో పోతుందో అంత ఊపుతో స్లైడ్, గొట్టం వెనక్కి రావాలి. అవి గుండుకు యాభై అరవై రెట్ల బరువు కనుక వాటి వేగం ఆ మేరకు తగ్గుతుంది. ఆ కాస్త వేగమే పనంతా నడుపుతుంది. వెనక్కి వస్తూ స్లైడ్ ఖాళీ తొడుగును లాగి పక్కకు విసిరేస్తుంది, హ్యామర్‌నో, దాని బదులు ఉండే స్ట్రైకర్‌నో సిద్ధం చేస్తుంది, ముందున్న స్ప్రింగును కుదిస్తుంది. ఇప్పుడు ఆ స్ప్రింగు తిరగబడి స్లైడ్‌ను ముందుకు తోస్తుంది, కొత్త తూటా ఛాంబర్‌లోకి చేరుతుంది. ఇదంతా జరగడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు.

ఇందులో ఒక చిక్కుంది. గుండు గొట్టంలో ఉండగానే ఛాంబర్ తెరుచుకుంటే ఆ ఒత్తిడికి ఇత్తడి తొడుగు పగిలి వేడి వాయువు కాల్చేవారి వైపు చిమ్ముతుంది. జాన్ బ్రౌనింగ్ అనే అమెరికన్ దీనికి దారి కనిపెట్టాడు. గొట్టాన్నీ స్లైడ్‌నూ కొక్కెంలా తగిలించి కొన్ని మిల్లీమీటర్లు కలిసి వెనక్కి వచ్చేలా చేశాడు. అప్పటికే గుండు బయటపడి ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు గొట్టం వెనకకొస కిందికి వంగి స్లైడ్‌ను వదిలేస్తుంది. నేటి సర్వీసు పిస్టళ్లలో ఎక్కువ భాగం, ఆస్ట్రియా గ్లాక్‌తో సహా, ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి. .32 వంటి చిన్న తూటాల పిస్టళ్లకు సాధారణంగా ఈ తాళం అక్కర్లేదు. స్లైడ్ బరువు, స్ప్రింగు బిగువు సరిపోతాయి.

అమెరికా సైన్యం 1911 మార్చిలో బ్రౌనింగ్ రూపొందించిన కోల్ట్ పిస్టల్‌ను పరీక్షించింది. వరసగా 6,000 తూటాలు కాల్చారు. బాగా వేడెక్కినప్పుడు నీళ్లలో ముంచి మళ్లీ కాల్చారు. ఒక్కసారీ మొరాయించలేదు. పిస్టళ్లు ఇరుక్కుంటాయన్న అపవాదు వందేళ్ల నాటిది, దానికి జవాబూ అంతే పాతది.

అయినా ఆ అపవాదులో నిజం పూర్తిగా లేకపోలేదు. రివాల్వర్‌ను చేతిపంపు అనుకుంటే పిస్టల్ మోటారు బోరు. చేతిపంపులో ప్రతి బిందెకూ చెయ్యి నొవ్వాలి, కరెంటుతో పని లేదు. మోటారు సునాయాసంగా నీళ్లు పోస్తుంది, కరెంటు పోతే మాత్రం చేసేదేమీ ఉండదు. పిస్టల్‌కు తూటాయే కరెంటు. అది సరిగా పేలకపోతే స్లైడ్ కదలదు, చేత్తో లాగాల్సిందే. బలహీనంగా పేలితే స్లైడ్ సగం దాకా వచ్చి ఆగుతుంది, ఖాళీ తొడుగు ద్వారంలో నిలువుగా ఇరుక్కుంటుంది.

చెయ్యి వదులుగా ఉన్నా ఇదే జరగొచ్చు. స్లైడ్ వెనక్కి రావాలంటే కింది భాగం నిలకడగా ఉండాలి. మణికట్టు మెత్తగా ఉంటే తుపాకీ మొత్తం స్లైడ్‌తో పాటే వెనక్కి పోతుంది, స్ప్రింగు పూర్తిగా కుదించుకోదు. అదే పిస్టల్ శిక్షకుడి చేతిలో వందసార్లు పేలి, కొత్తవారి చేతికి రాగానే ఇరుక్కోవడం వెనక మర్మం ఇదే. రివాల్వర్‌కు పట్టు ఎలా ఉన్నా ఒకటే.

అలాగని రివాల్వర్ అసలు మొరాయించదని కాదు. ఖాళీ తొడుగులను బయటికి నెట్టే నక్షత్రాకారపు బిళ్ల కింద కాలని మందు రవ్వలు నాలుగు చేరితే చాలు, సిలిండర్ మూసుకోదు, తిరగదు. మరీ తేలికపాటి మేగ్నమ్ రివాల్వర్లలో ఎదురుదెబ్బకు పక్క గదుల్లోని గుండ్లు తొడుగుల నుంచి కొద్దికొద్దిగా ముందుకు జారి సిలిండర్‌ను ఆపేస్తాయి. పిస్టల్ ఇరుక్కుంటే తర్ఫీదున్న చెయ్యి రెండు మూడు సెకన్లలో సరిచేస్తుంది. రివాల్వర్ ఇలా బిగుసుకుంటే చాలాసార్లు పనిముట్లు కావాలి.

మేగజైన్ తీసినా పేలడం ఎందుకు?

పిస్టల్ ఖాళీ చేయడానికి ఒక వరస ఉంది. ముందు మేగజైన్ తీయాలి, తర్వాత స్లైడ్ లాగాలి. అప్పుడు ఛాంబర్‌లో ఉన్న ఒక్క తూటా బయటపడుతుంది. ఈ వరస తారుమారైతే? ముందు స్లైడ్ లాగినప్పుడు ఒక తూటా ఎగిరి కింద పడుతుంది. దాన్ని చూసి ఖాళీ అయిందనుకుంటారు. కానీ స్లైడ్ తిరిగి ముందుకొస్తూ మేగజైన్‌లోంచి ఇంకో తూటాను ఛాంబర్‌లోకి ఎక్కించేసింది. ఆ తర్వాత మేగజైన్ తీస్తే చేతిలో తూటాల పెట్టె, నేల మీద ఒక తూటా, తుపాకీలో కనిపించని ఇంకో తూటా.

గ్లాక్ వంటి పిస్టళ్లలో దీనికి మరో మెలిక తోడవుతుంది. శుభ్రం చేయడానికి స్లైడ్ ఊడదీయాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. ఛాంబర్‌ను కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీ అని తేల్చుకున్నవారికి అది ఉత్త టిక్‌మనే చప్పుడు. తేల్చుకోనివారి సంగతి మర్నాడు పత్రికలో వస్తుంది. 1935లో వచ్చిన బ్రౌనింగ్ హైపవర్‌లో దీనికి విరుగుడు పెట్టారు, మేగజైన్ లేకపోతే ట్రిగ్గర్ పనిచేయదు. పశ్చిమ బెంగాల్‌లోని ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారై మన బలగాల చేతికి చేరిన 9 ఎం.ఎం. పిస్టల్‌కు మూలం ఆ హైపవరే. అయితే ఇలాంటి ఏర్పాట్లను నమ్ముకుని ఛాంబర్ చూడటం మానేయడమంత ప్రమాదం మరొకటి లేదు.

మయామీ నేర్పింది, న్యూయార్క్ మార్చింది

1986 ఏప్రిల్ 11న అమెరికాలోని మయామీలో ఇద్దరు బ్యాంకు దోపిడీదారులతో ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఎనిమిది మంది తలపడ్డారు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఏజెంట్లలో ఎక్కువ మంది దగ్గరున్నవి రివాల్వర్లు. గాయపడిన చేత్తో ఒక ఏజెంటు సిలిండర్‌లో ఒక్కో తూటా నింపుకోలేక నిస్సహాయుడయ్యాడు. పిస్టల్ అయితే కొత్త మేగజైన్ తోస్తే సరిపోయేది. రివాల్వర్ల కాలం చెల్లిందనడానికి ఈ ఘటనను లెక్కలేనన్ని సార్లు ఉదహరించారు.

వివరాల్లోకి వెళ్తే కథ అంత సూటిగా లేదు. దోపిడీదారుల్లో ఒకడికి మొదట్లోనే తగిలి, గుండె దాకా చేరకుండా ఆగిపోయింది పిస్టల్ గుండు. ఏజెంట్లను దెబ్బతీసింది వాడి రైఫిలే. చివరికి ఒంటిచేత్తో పోరాటాన్ని ముగించిన ఏజెంటు ఎడ్‌ముండో మిరేలెస్ వాడినవి ఒక షాట్‌గన్, ఒక రివాల్వర్.

ఏదైతేనేం, అమెరికా పోలీసు శాఖలు ఒకటొకటిగా పిస్టళ్ల వైపు మళ్లాయి. న్యూయార్క్ నగర పోలీసులు 1993లో మారడం మొదలుపెట్టారు. అక్కడి అధికారులను ఒక భయం పట్టుకుంది. ఐదు కిలోల ట్రిగ్గర్‌కు అలవాటుపడ్డ వేళ్లకు రెండున్నర కిలోల గ్లాక్ ట్రిగ్గర్ ఇస్తే కంగారులో అనుకోకుండా పేల్చేస్తారేమో! అందుకని ప్రత్యేక స్ప్రింగుతో ట్రిగ్గర్‌ను దాదాపు 5.4 కిలోలకు పెంచారు. అంటే కొత్త తుపాకీకి పాత తుపాకీ బరువును అరువు తెచ్చారు.

2012 ఆగస్టు 24న ఆ నగరంలోనే ఎంపైర్ స్టేట్ భవనం ముందు ఇద్దరు పోలీసులు ఒక హంతకుడి మీద 16 తూటాలు కాల్చారు. అతను చనిపోయాడు. దారిన పోయేవారు తొమ్మిది మంది కూడా గాయపడ్డారు, కొందరికి గుండ్లు నేరుగా తగిలాయి, మిగతావారికి ఎగిరిన శకలాలు. ఆ బరువైన ట్రిగ్గరే గురి తప్పించిందన్న విమర్శ అప్పుడు గట్టిగా వచ్చింది. రద్దీ వీధిలో, అంత దగ్గరలో, ప్రాణభయంతో కాల్చినప్పుడు ఒక్క ట్రిగ్గర్‌నే తప్పుపట్టడం సబబు కాదు. అయినా ప్రమాదం తగ్గించడానికి పెంచిన బరువు వేరే దారిలో ప్రమాదం తెచ్చి ఉండొచ్చన్న అనుమానం కొట్టిపారేయదగ్గది కాదు.

మన దగ్గర: రెండు .32లు

భారతదేశంలో ఈ ఎంపికకు చట్టమే మొదటి హద్దు గీసింది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం 9 ఎం.ఎం. పిస్టల్ సామాన్య పౌరులకు నిషిద్ధం. జిల్లాల్లో కలెక్టర్, హైదరాబాద్ వంటి నగరాల్లో పోలీస్ కమిషనర్ ఇచ్చే లైసెన్సుతో కొనే చేతి తుపాకుల్లో ఎక్కువగా కనిపించేది .32 బోరే. కాన్పూర్‌లో తయారయ్యే .32 రివాల్వర్, ఈశాపూర్ ‘అశని’ పిస్టల్ ఈ కోవలోవే. 2014లో మహిళల కోసమంటూ తెచ్చిన ‘నిర్భీక్’ కూడా .32 రివాల్వరే. బరువు అరకిలో, అప్పటి ధర లక్షా ఇరవై వేల పైమాటే. ధర సంగతి అలా ఉంచితే, తేలికదనం మోయడానికి వరం, కాల్చడానికి శాపం. తుపాకీ ఎంత తేలికైతే ఎదురుదెబ్బ అంత ఎక్కువ తెలుస్తుంది. .32 తూటా మెతకది కనుక ఇక్కడ అది భరించదగినదిగానే ఉంటుంది. 2023లో వచ్చిన ‘ప్రబల్’ రివాల్వర్‌లో సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. పాత కాన్పూర్ రకం నడుము దగ్గర విరిగినట్టు ముందుకు వంగి తెరుచుకుంటుంది.

రివాల్వర్, పిస్టల్ రెండిటి మీదా .32 అనే రాసి ఉన్నా తూటాలు వేరు. రివాల్వర్‌ది పొడవైనది, అంచు ఉన్నది. పిస్టల్‌ది 17 మిల్లీమీటర్ల పొట్టి తొడుగు. దానికి అంచు కొద్దిగానే బయటికి ఉంటుంది. ఆ కొద్దిపాటి అంచే ఒక్కోసారి చిక్కు తెస్తుంది. మేగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనకపడితే రెండూ పెనవేసుకుని కదలవు. అందుకే .32 పిస్టల్ మేగజైన్ నింపేటప్పుడు ప్రతి తూటా అంచూ కిందిదాని అంచుకు ముందే ఉండేలా చూసుకోవాలి.

మేగజైన్ నింపి ఉంచితే స్ప్రింగు చచ్చిపోతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. సరైన ఉక్కుతో చేసిన స్ప్రింగు దాని హద్దులో కుదించి ఉంచినంత మాత్రాన పెద్దగా బలం కోల్పోదు. పదేపదే కుదిస్తూ వదలడమే దాన్ని ఎక్కువగా అలసటకు గురిచేస్తుంది. దానికన్నా పట్టించుకోవాల్సింది నూనె. బీరువాలో ఏళ్ల తరబడి ఉండే తుపాకీకి అతిగా పూసిన నూనె ప్రైమర్‌లోకి దిగితే తూటా చచ్చినట్టే. అలాంటి తూటా పడిన రోజున రివాల్వర్ రెండో నొక్కుతో గట్టెక్కుతుంది, పిస్టల్‌కు రెండో చెయ్యి సాయం కావాలి.

ఇంట్లో చేతి తుపాకీ ఉండటం గురించి కాలిఫోర్నియాలో 2.6 కోట్ల మంది వయోజనుల వివరాలతో చేసిన పెద్ద అధ్యయనం 2020లో వెలువడింది. తుపాకీ లేనివారితో పోలిస్తే, ఉన్నవారు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే అవకాశం మగవారిలో 8 రెట్లు, ఆడవారిలో 35 రెట్లు ఎక్కువని తేలింది. ఏ రకం కొనాలన్న ప్రశ్నకు ముందే కొనాలా అన్న ప్రశ్న ఉందని గుర్తుచేసే అంకెలివి.

వదిలిపోయే ఇత్తడి

పిస్టల్ పేలిన ప్రతిసారీ ఒక ఖాళీ తొడుగు ఎగిరి పడుతుంది. దాని అడుగున పిన్ను దెబ్బ, పక్కన కొక్కెం గీత, వెనక స్లైడ్ ముఖం ముద్ర పడి ఉంటాయి. ఫోరెన్సిక్ నిపుణులు రెండు తొడుగులను ఒకే మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టి, ఇవి ఒకే తుపాకీవా కాదా అని ఆ గీతలను బట్టి చూస్తారు. రివాల్వర్ తన తొడుగులను సిలిండర్‌లోనే దాచుకుంటుంది. పరారైనవాడితో పాటే అవీ వెళ్లిపోతాయి, దర్యాప్తుకు గుండు ఒక్కటే మిగులుతుంది. అది ఎముకకో గోడకో తగిలి నలిగిపోయి ఉంటే పని మరింత కష్టం.

దుకాణంలో పరీక్ష

రోజూ మోసేవారికి, ఏటా తర్ఫీదు ఉండేవారికి, ప్రభుత్వ ఖర్చుతో తూటాలు దొరికేవారికి పిస్టల్‌ను మించింది లేదు. పోలీసులు మారడంలో తప్పేమీ లేదు. ఏడాదికోసారి కూడా కాల్చనివారికి, ఇంట్లో పెట్టుకోవడానికే కొనేవారికి రివాల్వర్ నయం. దాని గొప్పతనం గురిలో లేదు, మరచిపోయినవారిని క్షమించడంలో ఉంది. ఎన్ని తూటాలున్నాయో, అసలున్నాయో లేదో తెరిచి చూస్తే తేలిపోతుంది. వేరే వరసలేమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

అయితే ఒక చెయ్యికి కుదిరింది ఇంకో చెయ్యికి కుదరదు. రివాల్వర్‌కు కావాల్సింది వేలి బలం, పిస్టల్ స్లైడ్‌కు కావాల్సింది పిడికిలి, భుజం బలం. కీళ్లనొప్పులున్న పెద్దవారు కొందరు స్లైడ్‌ను లాగలేరు. కొందరు ట్రిగ్గర్‌ను పూర్తిగా నొక్కలేరు. డబ్బు కట్టకముందే తేల్చుకోవడం సులువు. తుపాకీని తెరిచి ఖాళీ అని అమ్మేవారూ కొనేవారూ ఇద్దరూ చూసుకున్నాక డమ్మీ తూటాలు వేయించాలి. గొట్టాన్ని మనుషులు లేని గోడ వైపు పెట్టి, ముందు సైటు మీద ఒక చిన్న నాణెం నిలబెట్టి ట్రిగ్గర్ పదిసార్లు మెల్లగా నొక్కాలి. నాణెం ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టుకోవాలి. పిస్టల్ అయితే స్లైడ్‌ను కూడా పదిసార్లు పూర్తిగా లాగి వదలాలి. చివరి రెండుసార్లకు చెయ్యి వణికితే ఆ పిస్టల్ ఆ చేతికి కాదు. ఈ పరీక్షకు ఒప్పుకోని దుకాణంలో కొనకపోతే నష్టమేమీ లేదు.